ఓనోఫ్రియో గుడి తాళంచెవి

తొరీనో,
6 ఫిబ్రవరి 1983

అక్కా,

చాలా రోజులకు రాస్తున్నాను. తిట్టుకోకు. నువ్వు తిట్టవని తెలుసు. జపమాలలో నా పేరున ఇంకో పూస తిప్పి ఊరుకుంటావు. నాకు భయం అదే.

అసలు సంగతికి వస్తాను. నేను పనిచేసే అచ్చాఫీసు వాళ్ళు కొండ ఊళ్ళ మీద చిన్న పుస్తకాలు వేస్తున్నారు. నడిచి చూసేవాళ్ళ కోసం. ఊరికొకటి. పాత కోటలు, గుళ్ళు, చుట్టూ రక్షిత అడవులు, ఏ దారిన వెళ్ళాలి, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, అన్నీ అందులో ఉండాలి. మన రోక్కాస్పీనా పుస్తకం నా మీద పెట్టారు. "మీ ఊరేగా, కళ్ళు మూసుకుని రాసెయ్" అన్నాడు మా పెద్దాయన. కళ్ళు మూసుకుంటే నాకు ఇరవై రెండేళ్ళ కిందటి ఊరు కనిపిస్తుంది. అందుకే నీ కళ్ళు కావాలి.

బురుజు, గొర్రెల బాట, బీచ్ అనే పెద్ద చెట్ల అడవి, ఆఖరున కనుమలో పునీత ఓనోఫ్రియో గుహ గుడి. తీరికైనప్పుడల్లా ఒకటి చూసి రాయి. కనిపించింది కనిపించినట్టు రాస్తే చాలు. ఫోను వద్దు. బార్‌లో ఉన్న ఆ ఒక్క ఫోనులో మాట్లాడితే ఊరంతా మన మధ్యలో కూర్చున్నట్టుంటుంది.

నీ
ఫ్లావియా


రోక్కాస్పీనా,
19 ఫిబ్రవరి

ఫ్లావియాకు దీవెనలు.

ఉత్తరం అందింది. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

బురుజుకు నాలుగు గోడల్లో మూడే మిగిలాయి. నాలుగోది ఆకాశం. లోపల మంచు మోకాలి లోతు. బాణాలు వేసే సందులోంచి లోయ ఒక్కటే కనిపిస్తుంది, ఊరు కనిపించదు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట అక్కడ కాపలా నిలబడినవాడికి తన ఇల్లు కనిపించేది కాదన్నమాట. అతని కోసం ఒక ప్రార్థన చెప్పి దిగి వచ్చాను.

నీళ్ళు తిరుగుదారిలో రాతి తొట్టి దగ్గర ఉన్నాయి. గడ్డకట్టాయి.

దొమితిల్లా


తొరీనో,
2 మార్చి

అక్కా,

నేను ఉత్తరం అడిగితే నువ్వు టెలిగ్రాం పంపావు. అయినా "నాలుగోది ఆకాశం" అన్న మాట చదివి వినిపిస్తే మా పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ అక్క ఏం చదువుకుంది?" అన్నాడు. "ఐదో తరగతి. ఆ తర్వాత మా అమ్మ మంచాన పడింది, అక్క మమ్మల్ని చదివించింది" అన్నాను.

ఇంకో కబురు. మే నెల మొదటి ఆదివారం, కనుమలో ఇనుప తలుపు తెరిచే పండగకు నేను వస్తున్నాను. వెంట పద్నాలుగు మంది నడకవాళ్ళు. గుడి తలుపులోంచి పొద్దుటి ఎండ గోడ మీది ఓనోఫ్రియో బొమ్మ పాదాల మీద పడి, ఆ పొడవాటి జుట్టు మీదుగా ఎక్కి ఎక్కి ముఖం చేరడం అమ్మ భుజమెక్కి చూశాను. పుస్తకం ఆ పేజీతో ముగియాలి. ఆ పేజీ లేకపోతే పుస్తకమే లేదని పెద్దాయన తేల్చి చెప్పాడు.

అమ్మ తాళంచెవి నీకిచ్చినప్పుడు నేను ఎందుకు అలిగి వచ్చేశానో నీకు తెలుసు. ఇప్పుడు అలక లేదు. ఉన్నా చిన్నదే.

ఆ తాళంచెవి సంగతి కూడా వివరంగా రాయి. పుస్తకంలో పెడతాను. వివరంగా అంటే నాలుగు వాక్యాల కంటే ఎక్కువ.

ఫ్లావియా


రోక్కాస్పీనా,
27 మార్చి

ఫ్లావియాకు దీవెనలు.

గొర్రెల బాట ఇప్పటికీ మన చౌకు మొత్తం పట్టేంత వెడల్పుంది. మందలు ఇప్పుడు లారీల్లో పోతున్నాయి. బాట మీద గడ్డే నడుస్తోంది. వాగు దాటే చోట రాళ్ళు మధ్యలో గిన్నెల్లా అరిగిపోయాయి. గొర్రె గిట్ట ఎంత మెత్తన! ఆ మెత్తనే రాయిని తినేసింది. చాలాసేపు నిలబడ్డాను.

బీచ్ అడవిలోకి మంచు కరిగిన వైపు నుంచి వెళ్ళాను. అన్నిటికంటే పాత చెట్టు మీద చెయ్యి పెట్టాను. చల్లగా లేదు, వెచ్చగా లేదు. నిద్రపోతున్న మనిషి చెయ్యి పట్టుకున్నట్టుంది. జపమాల లెక్క తప్పింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టలేదు. తప్పిన చోటే ఉండిపోయాను.

తాళంచెవి సంగతి అడిగావు. జానెడు పొడవు, నెలకోసారి నూనె రాస్తాను. మంచుతో పాటు రాళ్ళు పడతాయి కనుక నవంబరులో చనిపోయినవారి పండగనాడు కనుమలో ఇనుప తలుపు మూస్తాం. పైన గుడి తలుపుకు తాళం లేదు, ఎప్పుడూ లేదు. మంచులో దారి తప్పి పై పచ్చికల నుంచి దిగివచ్చినవాడు తట్టి నిలబడాల్సిన పని ఉండకూడదని. పండగకు తొమ్మిది రోజుల ముందు తాళంచెవి ఉన్న ఇంటి మనిషి ఒక్కతే ఎక్కి గుడి ఊడ్చి రావాలి. ఇనుప తలుపు దాటాక మళ్ళీ దాటేదాకా నోరు విప్పకూడదు.

తాళంచెవి పోగొట్టిన ఇంట్లో అది మళ్ళీ ఉండదు. మన ఇంటికి అలాగే వచ్చింది, బ్యాండు ఎర్కోలే వాళ్ళ ఇంటి నుంచి. తొంభై ఏళ్ళయింది. వాళ్ళను ఇంకా "పోగొట్టినవాళ్ళు" అనే పిలుస్తారు. పాపం ఎర్కోలే అప్పటికి పుట్టలేదు కూడా.

నీ పద్నాలుగు మందికీ సోంపు రొట్టెలు చేస్తాను.

దొమితిల్లా


రోక్కాస్పీనా,
23 ఏప్రిల్

ఫ్లావియా,

తాళంచెవి పోయింది. ఈ ఏడు ఇనుప తలుపు తెరవడం కుదరదు. నీ వాళ్ళను తీసుకురావద్దు.

ఎక్కడ పోయిందని అడగకు.

దొమితిల్లా


తొరీనో,
28 ఏప్రిల్

అక్కా,

సూది కిందపడితే చప్పుడును బట్టి ఎక్కడుందో చెప్పే మనిషివి నువ్వు. జానెడు ఇనుము పోగొట్టావా?

పద్నాలుగు మందికీ ఒక్కొక్కరికి ఫోను చేసి రావద్దని చెప్పాను. ఒకావిడ కొత్త బూట్లు కొనుక్కుందట. పెద్దాయన నా కాగితాలన్నీ సొరుగులో పెట్టి, "మీ అక్క ఆకాశం గోడలు బాగానే కట్టింది, తలుపు దగ్గరికొచ్చేసరికి..." అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇరవై రెండేళ్ళ కిందట అమ్మ ఏమందో గుర్తుందా? "ఫ్లావియాకిస్తే వారంలో పోగొడుతుంది" అంది. నువ్వు పక్కనే నిలబడి ఒక్క మాట అనలేదు. ఆ మాట మోసుకుని రైలెక్కాను. ఇప్పుడు పోగొట్టింది ఎవరు?

ఎక్కడ పోయిందని అడగనులే. నువ్వు చెప్పవు. చెప్పకపోవడం నీకు చిన్నప్పటినుంచి బాగా వచ్చు.

ఫ్లావియా


రోక్కాస్పీనా,
3 మే

ఫ్లావియాకు దీవెనలు.

నీ మాటలన్నీ నిజమే. అప్పుడు నేను నోరు విప్పి ఉండాల్సింది.

పండగ ఎలా జరిగిందో రాస్తాను. ఇంతవరకు జరగనట్టు జరిగింది.

తాళంచెవి పోయిందని ఫాదర్ సబతీనోకు చెప్పినప్పుడు ఆయన నా ముఖంలోకి చూసి, "సరే అమ్మా, ఇనుప తలుపు దాకా వెళ్దాం, అక్కడే ప్రార్థన చేద్దాం" అన్నారు. అంతే. కమ్మరి నుంజియోను పిలిచి తాళం విప్పించమని ఎవరో అనబోయారు. నుంజియో కుడి మణికట్టు చూపించాడు, కట్టు కట్టి ఉంది. "సుత్తి జారింది. ఈ చేత్తో నా చొక్కా గుండీలే మా ఆవిడ పెడుతోంది" అన్నాడు.

ఆదివారం ఊరంతా కదిలింది. రెండు వందల మంది పైనే. ప్రతి ఏడూ తలుపు దగ్గర మందుగుళ్ళు పేలుస్తారు కదా, మందు తడిసిపోయిందన్నారు. బాకా ఊదే ఎర్కోలేకు పన్ను నొప్పట. బాకా లేకుండా డోళ్ళు కొడితే పెళ్ళి ఊరేగింపులా ఉంటుందని డోళ్ళు కూడా ఇంటి దగ్గరే వదిలి వచ్చారు. ఫాదర్‌కు గొంతు పట్టేసింది. పెదవులు కదిలిస్తూ ప్రార్థన నడిపించారు.

ఇనుప తలుపు ముందు అందరూ మోకరించారు. ఎవరూ దగ్గలేదు. వాగు చప్పుడు ఒక్కటే. రొట్టెలు విరిచి పంచుకున్నాం. చంటిపిల్లలు కూడా ఏడవలేదు. నేను పుట్టిన దగ్గరనుంచి వెళ్తున్నాను, అంత ప్రార్థన ఎప్పుడూ వినలేదు. ఒక్క మాట లేదందులో.

దిగేప్పుడు కొన్‌చెత్తా నా చెయ్యి పట్టుకుంది. మన పక్కింటావిడ సంగతి నీకు తెలుసు కదా, ముప్ఫై ఏళ్ళుగా పిండి అప్పు తీసుకుని ఒక్కసారీ తిరిగివ్వలేదు. గురువారం కూడా నేను ఊళ్ళో గుడికెళ్ళినప్పుడు గిన్నెడు తీసుకుందట. "నీ పిండి మంచిదే దొమితిల్లా" అంది. ఎప్పుడూ అనని మాట.

జూన్ 12న, ఓనోఫ్రియో నాడు, పెద్దలు కూర్చుని తాళంచెవి ఏ ఇంటికివ్వాలో తేలుస్తారు. కొత్త తాళం, కొత్త చెవి చేయిస్తారు. మన ఇంటి పేరు కూడా ఎర్కోలే వాళ్ళ పేరు పక్కన చేరుతుంది. నీకు చెప్పకుండా ఉండకూడదని రాశాను.

దొమితిల్లా


తొరీనో,
10 మే

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపంతో మొదలుపెట్టాను. మూడోసారికి కోపం ఎక్కడో జారిపోయింది.

నుంజియో మన చిన్నప్పుడు ఊరి గుడి సామాన్ల గది తాళం మేకుతో తీసి, ద్రాక్షసారా తాగి పడుకోలేదూ? ఆ ఇనుప తలుపు తాళం అతనికి ఎడమచేతి పని. అతని కొడుకు కూడా కమ్మరే, వాడి మణికట్టుకేమయింది? ఎర్కోలేకు నలభై ఏళ్ళప్పుడే పళ్ళన్నీ ఊడిపోయాయని నువ్వే రాశావు. కట్టుడుపళ్ళకు నొప్పా?

మీ ఊళ్ళో ఏదో జరుగుతోంది. అది నీకు తెలుసు. నిజం చెప్పు. పుస్తకం కోసం అడగడం లేదు. చెల్లెల్ని, అడుగుతున్నాను.

ఫ్లావియా


రోక్కాస్పీనా,
18 మే

ఫ్లావియా,

చదివాక ఈ కాగితం పొయ్యిలో వెయ్యి.

తాళంచెవి పోలేదు. పిండి డబ్బాలో ఉంది, అడుగున, గుడ్డలో చుట్టి.

ఏప్రిల్ 22, శుక్రవారం తెల్లవారుతూనే చీపురు తీసుకుని ఎక్కాను. ఇనుప తలుపు దగ్గర ఇంకా మంచుంది. తీసి, లోపలికెళ్ళి, మళ్ళీ వేశాను. అక్కడినుంచి నోరు విప్పలేదు. గుడి తలుపు ఎప్పటిలా గాలికి ఓరగా ఉంది. లోపల తడిసిన ఉన్ని వాసన, పాల వాసన. దారి తప్పిన గొర్రెల కాపరి ఎవరో పడుకున్నాడనుకున్నాను. "దేవునికి స్తోత్రం, ఎవరు నాయనా?" అనబోయి, మాట్లాడకూడదని గుర్తొచ్చి ఆగాను. ఆ నియమం వల్లే ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

అప్పుడే ఎండ వచ్చింది. ఓనోఫ్రియో పాదాల మీద పడింది. ఆయన ఒంటిమీద బట్ట ఉండదు కదా, తన జుట్టే బట్ట. ఆ గోధుమరంగు జుట్టు గోడ మీంచి కిందికి దిగి నేల మీద పరుచుకుని ఉంది. బొమ్మ గోడలోంచి ఎలా కారిందా అనుకున్నాను. అది ఊపిరి తీసింది.

ఎలుగుబంటి, ఫ్లావియా. ఆయన పాదాల దగ్గర ఎండుటాకులు పోగుచేసుకుని పడుకుంది. పొట్ట దగ్గర రెండు పిల్లలు, నేను చేసే సోంపు రొట్టెలంత. కళ్ళు మూసుకుని పాలు తాగుతున్నాయి.

ఆ తల్లి తల ఎత్తింది. నన్ను చూసింది. నేను మోకరించలేదు, మోకాళ్ళే వంగాయి. ఎండ దాని వీపు మీదుగా గోడ ఎక్కింది. నువ్వు అమ్మ భుజమెక్కి చూశావే, అలాగే, జుట్టు మీదుగా, గడ్డం మీదుగా ముఖం దాకా. అంతసేపూ చూసింది. తర్వాత తల దించి పిల్లల్ని నాకడం మొదలుపెట్టింది, నేను అక్కడ లేనట్టే.

యాభై ఆరేళ్ళ వయసు నాది. దేవుడి ముందు నేను లేనట్టుగా ఉండాలని రోజూ అడుగుతాను. ఆ ఉదయం ఇచ్చాడు.

చీపురు అక్కడే వదిలి మెల్లగా దిగి వచ్చాను.

పండగకు తొమ్మిది రోజులు. రెండు వందల మంది, బాకాలు, డోళ్ళు, మందుగుళ్ళు. తల్లి బెదిరి పారిపోతే పిల్లలు ఆకలితో చస్తాయి. ఎవరికైనా చెబితే నాలుగు రోజుల్లో కనుమ నిండా కెమెరాలు. అడవి కాపలావాళ్ళకు చెబితే వాళ్ళు కాగితం రాయాలి, కాగితం పైకి పోవాలి, పైనుంచి ఇంకెవరో రావాలి. నీకు చెబుదామనుకున్నాను. పుస్తకం రాస్తున్నదానివి, నీ కడుపులో మాట దాగదేమోనని భయపడ్డాను. అది నేను నీకు చేసిన రెండో అన్యాయం.

జీవితంలో మొదటి అబద్ధం ఆడాను, అదీ ఫాదర్‌తో. పాపమని తెలుసు. దానికి రావలసింది వస్తుంది. తాళంచెవి పోతుంది, పేరు పోతుంది. పోనీ. నుంజియో చేతి సంగతి నాకు తెలియదు.

దొమితిల్లా


తొరీనో,
26 మే

అక్కా,

ట్రాము ఆగే చోట నిలబడి చదివాను. మూడు ట్రాములు వెళ్ళిపోయాయి. పక్కనున్న ముసలాయన, "చెడ్డ కబురా అమ్మా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. నోట మాట రాలేదు. కనుమలో నేనూ ఉన్నట్టే ఉంది.

కాగితం పొయ్యిలో వేశాను. వేసేముందు కంఠతా పట్టాను.

పెద్దాయన దగ్గరికెళ్ళి ఆఖరి పేజీ మార్చానన్నాను. "దారి ఇనుప తలుపు దగ్గర ఆగిపోతుంది. అక్కడ కాసేపు మాట్లాడకుండా నిలబడండి" అని రాశాను. "లోపల ఏముంది?" అన్నాడు. "గుడి" అన్నాను. "ఫోటో?" "లేదు." "ఎందుకు?" "మా అక్క వద్దంది." ఆయన సొరుగు తెరిచి నా కాగితాలు బయటికి తీశాడు. పుస్తకం అచ్చుకు వెళ్తోంది.

నన్ను నమ్మలేదని బాధ లేదు. ఇప్పుడు నమ్మావు కదా. ఇరవై రెండేళ్ళుగా మోస్తున్నదాన్ని నిన్న ఆ ట్రాము దగ్గర దించేశాను.

12న నిజం చెప్తావా? చెప్తావు, నాకు తెలుసు. ఒక్కటే అడుగుతాను. నుంజియో కట్టు ఈ మధ్య ఏ చేతికుందో చూడు.

నీ
ఫ్లావియా


రోక్కాస్పీనా,
14 జూన్

నా ఫ్లావియాకు,

ఈసారి ఉత్తరం పెద్దది. ఓపిగ్గా చదువు.

5వ తేదీ సాయంత్రం బురుజెక్కాను. నాలుగో గోడ వైపు నిలబడితే కనుమ పైన పచ్చిక కనిపిస్తుంది. ఆ తల్లి నడిచిపోతోంది. వెనక రెండు పిల్లలు. ఒకటి మాటిమాటికీ కూలబడుతోంది. తల్లి ఆగి, వెనక్కి చూడకుండా నిలబడుతోంది. పిల్ల వచ్చి కాలికి తగిలాక మళ్ళీ కదులుతోంది. బీచ్ అడవిలోకి వెళ్ళేదాకా చూశాను. కన్నీళ్ళు ఎప్పుడు మొదలయ్యాయో తెలియదు.

12న పూజయ్యాక ఊరి గుడి పక్క గదిలో పెద్దలు కూర్చున్నారు. ఫాదర్, ఎర్కోలే, నుంజియో, ఇంకా నలుగురు. కొన్‌చెత్తా పిలవకపోయినా వచ్చి కూర్చుంది. నేను తాళంచెవి బల్ల మీద పెట్టాను. "ఇది పోలేదు. అబద్ధం చెప్పాను" అన్నాను.

ఎవరూ ఉలిక్కిపడలేదు. నుంజియో ఆ తాళంచెవి తీసుకుని ఊదాడు. పిండి లేచింది.

"పిండి డబ్బాలోనే పెట్టావా ఇంకా?" అన్నాడు.

నేను కొన్‌చెత్తాను చూశాను. "నన్నేం చూస్తావ్! పిండికోసం చెయ్యి పెడితే చేతికి ఇనుము తగిలింది. మళ్ళీ గుడ్డ చుట్టి పెట్టేశా. మొట్టమొదటిసారి నీ ఇంట్లో ఒక వస్తువు ఎక్కడిది అక్కడ పెట్టాను, దానికీ తప్పు పట్టకు తల్లీ!" అంది.

"అప్పటికే నాకు తెలుసు" అన్నాడు నుంజియో. "ఆ శుక్రవారం మధ్యాహ్నం తలుపు బందులకు నూనె వెయ్యడానికి వెళ్ళాను. చువ్వల్లోంచి చూస్తే మంచులో నీ అడుగులు. పైకి ఎక్కేప్పుడు కుదురుగా, పక్కపక్కనే. దిగేప్పుడు ఇంతింత దూరం." రెండు చేతులూ చాపి చూపించాడు. "దొమితిల్లా పరుగెత్తడం ఈ ఊళ్ళో ఎవరైనా చూశారా? పైన దయ్యమన్నా ఉండాలి, దేవుడన్నా ఉండాలి, ఎలుగన్నా ఉండాలి. దయ్యమైతే నువ్వు పరుగెత్తవు. దేవుడైతే దిగి రావు."

మెల్లగా దిగి వచ్చానని నీకు రాశాను. అది రెండో అబద్ధం. క్షమించు.

కట్టు ఎడమచేతికి ఉంది, ఫ్లావియా. అడిగాను. "కుడిచెయ్యి నయమైపోయింది, అలవాటు పోలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. నుంజియో ఒక్క ఫాదర్‌కు చెప్పాడట. ఫాదర్ ఎర్కోలేకు, ఎర్కోలే మందుగుళ్ళవాళ్ళకు. ఆదివారం నాటికి ఊరంతటికీ తెలుసు, నాకు తప్ప. ఎవరికి వారు ఒక చిన్న అబద్ధం తెచ్చి నా అబద్ధం పక్కన పెట్టారు. ఆ రోజు అంత నిశ్శబ్దం ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడర్థమైంది.

"పాపం పాపమే ఫాదర్. తాళంచెవి ఇంకో ఇంటికివ్వండి" అన్నాను.

ఎర్కోలే లేచాడు. నీకు తెలుసుగా, తొంభై ఏళ్ళుగా ఆ ఇంటివాళ్ళు ఎదురుచూస్తున్న తాళంచెవి అది. తీసుకున్నాడు. అరచేతిలో బరువు చూశాడు. మళ్ళీ నా ముందు పెట్టాడు. "పోగొట్టినవాళ్ళం మేమే అమ్మా. ఆ పేరు మీ ఇంటికి ఇవ్వం" అన్నాడు.

ఫాదర్ నా శిక్ష చెప్పారు. "తాళంచెవి నీ దగ్గరే ఉంటుంది. కానీ వచ్చే ఏడు ఊడ్చేది నువ్వు కాదు. ఇంకెవరిని పంపాలో నువ్వే చెప్పు."

నీ పేరు చెప్పాను.

నిన్న ఎక్కి చూసి వచ్చాను. ఆకుల పడక అలాగే ఉంది. చీపురు కర్రను పిల్లలు కొరికి కొరికి సగం చేశాయి. గోడ మీద ఓనోఫ్రియో జుట్టుకు నిజం వెంట్రుకలు నాలుగు అంటుకుని ఉన్నాయి. ఏది రంగో ఏది వెంట్రుకో దగ్గరికెళ్తే గాని తెలియలేదు. తీయలేదు. ఆ మూల ఊడవలేదు కూడా. మిగతాది ఊడ్చాను, సగం చీపురుతో.

వచ్చే ఏప్రిల్‌లో తొమ్మిది రోజుల ముందు ఒక్కదానివే ఎక్కాలి. మాట్లాడకూడదు. అది నీకు కష్టమే, అలవాటు చేసుకో. గుడి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అయినా లోపలికి అడుగు పెట్టేముందు ఆగి, మెల్లగా తట్టు.

నిన్న నేనూ తట్టాను.

మీ అక్క
దొమితిల్లా